ఎలినెడ్‌కు సాయం చేయండి

ఆ శుక్రవారం పొద్దున మెయిరియన్ పెట్టుకున్న పనులు చిన్నవే. గుడ్డు ఉడకబెట్టుకుని తినాలి, బేతేలు చర్చి వెనక హాలుకు వెళ్ళి పెద్ద గిన్నెలు తోమాలి, మధ్యలో వీలు చూసుకుని ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాయాలి. అన్నిట్లోకీ తేలికైన పని ఆ చివరిదేనని అతను అనుకున్నాడు.

మెయిరియన్ బస్సు నడిపి రిటైరైన మనిషి. తమ ఊరు పాంట్‌గ్విన్ కొండ మలుపుల్లో, మంచులో, వానలో, ఉద్యోగమంతా ఒక్క గొర్రెను కూడా గుద్దకుండా నడిపానని చెప్పుకుంటాడు. అంత పెద్ద బండిని నడిపిన చేతికి ఇంత చిన్న ఫోను ఒక లెక్కా అన్నది అతని ధీమా.

బేతేలు హాలులో ప్రతి బుధవారం మధ్యాహ్నం వేడివేడిగా భోజనం పెడతారు. ఎవరైనా రావచ్చు. ఇవ్వగలిగినవాళ్ళు డబ్బాలో ఏదో వేస్తారు, లేనివాళ్ళు వేయరు. ఎవరు వేశారో ఎవరూ చూడరు. వంట ఎలినెడ్‌ది. ఆవిడ బడిలో వంటమనిషిగా పనిచేసి మానేసింది. ఊళ్ళో సగంమంది చిన్నప్పుడు ఆమె వండింది తిన్నవాళ్ళే, ప్లేటులో మిగిల్చినందుకు ఆమె చేత తిట్లు తిన్నవాళ్ళే. బట్టతలలు వచ్చినవాళ్ళు కూడా ఇప్పటికీ ఆమె ఎదురైతే చేతులు జేబుల్లోంచి తీసేస్తారు.

ఆ హాలుకు రెండు చిక్కులు వచ్చిపడ్డాయి. ఒకటి, సాయం చేసే చేతులు తగ్గిపోయాయి. వంటంతా ఎలినెడ్ మీద, గిన్నెలన్నీ మెయిరియన్ మీద పడ్డాయి. క్రిస్మస్ లోపల మనుషులు దొరక్కపోతే భోజనాలు ఆపేద్దామని చర్చి పెద్దలు తేల్చేశారు. రెండోది ఇంకా పెద్దది. కొండ కింద గాజు ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊళ్ళో చాలా ఇళ్ళలో పొయ్యి సరిగ్గా వెలగడం లేదు. అయినా ఆ ఇళ్ళవాళ్ళు హాలుకు రారు. ఎలినెడ్ వీధి చివర ఉండే ఇద్వాల్ గారి సంగతే చూడండి. బొగ్గుగనిలో పనిచేసిన పెద్దాయన, ఎనభై దాటాయి, ఇంట్లో కూడా కోటు విప్పడు. ఎలినెడ్ సూపు గిన్నె పట్టుకెళ్ళి తలుపు కొట్టినప్పుడల్లా, "నేనిప్పుడే భోంచేశానమ్మాయ్," అని మర్యాదగా తలుపు వేసేస్తాడు. లోపలినుంచి వంట వాసన వచ్చి ఏడాది దాటింది.

"పేజీ ఒకటి పెడదాం," అన్నాడు మెయిరియన్. "తింటున్నవాళ్ళ ఫొటోలు రెండు వేస్తే జనం కరిగిపోతారు."

"తినేవాళ్ళ ముఖం ఒక్కటి బయటికి వెళ్ళిందా, నీ ఫోను నా సూపులో ఉడుకుతుంది," అంది ఎలినెడ్.

ఇక మిగిలింది ఎలినెడ్ ముఖమే. కిందటి బుధవారం అందరూ వెళ్ళిపోయాక ఆవిడ పాత వంటకోటుతో వెనక గుమ్మం మెట్టు మీద కూలబడి, గరిటెతో గిన్నె అడుగు గీక్కుని తింటుంటే, మెయిరియన్ చప్పుడు చేయకుండా ఫొటో తీశాడు. గుడ్డు ఉడికేలోగా దాని కింద ఇలా రాశాడు: "ఈమె మన ఎలినెడ్. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే ఈమె భోజనం. ఇంత వయసులో ఒంటరిగా నెట్టుకొస్తోంది. నోరు తెరిచి ఎవరినీ అడగదు. ఎలినెడ్‌కు సాయం చేయండి."

వచ్చి కూరగాయలు తరగండి అని అతని ఉద్దేశం. రాసింది మరోసారి చదువుకుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. తనలో ఇంత రచయిత ఉన్నాడని ఇన్నాళ్ళూ తెలియనే లేదు. గుడ్డు పెంకు వలిచేసరికి ఆ ఫొటోను ఊరు ఊరంతా ఒకరికొకరు పంపుకోవడం మొదలైంది.

శనివారం మధ్యాహ్నం ఎలినెడ్ హాలులోకి వస్తూనే చేతిసంచీ బల్ల మీద పడేసింది.

"ఈ ఊరికేదో అయింది మెయిరియన్."

"ఏమైంది?"

"మాంసం కొట్టు గెథిన్ ఉన్నాడా, వాడు నాకు మంచి ముక్కలు పొట్లం కట్టి ఇచ్చి డబ్బు వద్దన్నాడు. పైగా నా చెయ్యి పట్టుకుని, 'మీరు మాకు ఎంత పెట్టారు మిస్,' అని ముక్కు చీదుకున్నాడు. మాంసం పాడైపోయిందేమోనని వాసన చూశాను. బాగానే ఉంది."

"మంచివాడు కదా గెథిన్."

"వాడా? బడిలో బఠానీలు సాక్సులో దాచేవాడు. సరే, ఇంటికి వెళ్తే ఇంటి కప్పు మీద ఇద్దరు మగాళ్ళు. రగ్బీ క్లబ్బువాళ్ళట. పలకలు సరిచేస్తున్నారట. నేను పిలిచానా అని అడిగితే, 'మీరు పిలవరని మాకు తెలుసు,' అన్నారు. అప్పుడొచ్చింది మార్గెడ్."

మెయిరియన్ చేతిలో గిన్నె జారింది. చర్చి గాయక బృందంలో ఒక పాట ఎవరు పాడాలన్న గొడవ మీద ఎలినెడ్, మార్గెడ్ మాట్లాడుకోవడం మానేసి ముప్పై ఏళ్ళు అయింది. ఆదివారం పూట ఒకే బెంచీ మీద, ఒకే పాటల పుస్తకం పట్టుకుని కూడా మాట్లాడుకోరు.

"మార్గెడ్ మీ ఇంటికి వచ్చిందా?"

"గొర్రెమాంసం, దుంపలు వేసి కౌల్ కాచి, కుండ మోసుకొచ్చింది. గడపలో నిలబడి, 'ఎలినెడ్, పాటలు వేరు, పొట్ట వేరు,' అంది. ఏమిటి దానర్థం? నా పొట్టకేమైంది? మర్యాదకి లోపల పెట్టుకుందామని ఫ్రిజ్ తెరిచాను. నా సామానంతా ఇక్కడి ఫ్రిజ్‌లోనే కదా ఉంది, ఇంటి ఫ్రిజ్‌లో సగం ముద్ద వెన్న తప్ప ఏమీ లేదు. మార్గెడ్ అది చూసి ఏడ్చింది మెయిరియన్. ముప్పై ఏళ్ళుగా నన్ను చూసి ఏడుస్తూనే ఉంది గానీ, కన్నీళ్ళతో ఏడవడం ఇదే మొదటిసారి."

ఎలినెడ్ వంటగదిలోకి వెళ్ళగానే మెయిరియన్ ఫోను తీశాడు. తను పెట్టిన ఫొటో కింద జనం రాసిందంతా అప్పుడు చదివాడు. 'మనందరికీ తిండి పెట్టిన చెయ్యి ఈరోజు ఆకలితో ఉందా' అని ఒకరు, 'ఆవిడ ఫ్రిజ్ కళ్ళారా చూశాను, నాకు నిద్ర పట్టదు' అని మార్గెడ్. ఆవిడ రాసిన దాని కిందే దుప్పట్లు ఎవరు, బొగ్గు ఎవరు అని ఊరు పంచుకుంటోంది.

చెబుదామని వంటగది గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల ఎలినెడ్ పెద్ద కత్తితో క్యాబేజీని రెండు చెక్కలు చేస్తోంది. వెనక్కి వచ్చేశాడు.

ఆదివారం చర్చిలో పాస్టర్ గారు, నోరు మెదపకుండా లేమిని భరిస్తున్న మన మధ్యనే ఉన్న ఒక సోదరి కోసం ప్రార్థన చేశారు. జనమంతా ఎలినెడ్ వైపు తిరిగారు. ఎవరా పాపం అని ఎలినెడ్ కూడా వెనక్కి తిరిగి చూసింది. వెనక బెంచీలో చలిలో ముడుచుకుని కూర్చున్న ఇద్వాల్ గారు ఆమెను చూసి, ఎన్నడూ లేనిది, తల ఊపాడు.

ఇంటికి వెళ్ళగానే మెయిరియన్ సర్దుబాటు మొదలుపెట్టాడు. బస్సు పక్కకు లాగుతున్నప్పుడు స్టీరింగు మెల్లగా తిప్పాలి, ఒక్కసారిగా తిప్పకూడదు. రాత కూడా అంతే. కాబట్టి జాగ్రత్తగా ఇలా రాశాడు: "ఎలినెడ్ గురించి అపార్థం వద్దు. ఆమె ఎవరి ముందూ చేయి చాచే మనిషి కాదు. ఇలా ఎదురుగా ఇస్తే ఆమె మనసు నొచ్చుకుంటుంది. దయచేసి ఆమె దగ్గర ఈ మాట ఎత్తకండి."

ఊరు బాగా అర్థం చేసుకుంది. ఎదురుగా ఇవ్వకూడదు, చాటుగా ఇవ్వాలి.

సోమవారం పొద్దున ఎలినెడ్ తలుపు తెరిస్తే అది సగమే తెరుచుకుంది. గుమ్మంలో బొగ్గు మూట, కట్టెలు, దుప్పట్లు, ముసలివాళ్ళు పట్టుకుని నడిచే ఇనుప చట్రం ఒకటి, బోనులో రెండు కోడిపెట్టలు ఉన్నాయి. అన్నిటి పైన చక్కగా మడతపెట్టి ఒక గోధుమరంగు కోటు ఉంది. అది ఎలినెడ్ కిందటేడు పేదల కోసమని ఇచ్చేసిన సొంత కోటే.

మధ్యాహ్నానికి ఆవిడ కోళ్ళ బోను పట్టుకుని మెయిరియన్ ఇంటికి వచ్చింది.

"నాకర్థమైంది," అంది కుర్చీలో కూర్చుని. "నేను పోతున్నాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికి పోతారయ్యా ఈ వయసులో? నాకేదో జబ్బుంది. నాకు తప్ప ఊరందరికీ తెలుసు. చర్చిలో ప్రార్థన కూడా చేసేశారు. ఇందాకే డాక్టరు దగ్గరికి వెళ్ళి నిలదీశాను. అతను గుండె, ఊపిరి, కాళ్ళు, చెవులు అన్నీ చూసి, గుర్రంలా ఉన్నారు అన్నాడు."

"మరింకేం."

"అంత మంచి మాట ఆ మనిషి ఎవరితోనైనా ఎప్పుడైనా అన్నాడా? అంటే ఇక ఆశ లేదన్నమాట." ఎలినెడ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు కోళ్ళకేసి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "నాకు పోవడం గురించి దిగుల్లేదు. బుధవారాల గురించే. నేను పోయాక నువ్వు ఆపకు. సూపులో ఉప్పు ముందే వేయకు. ఇద్వాల్ గారి తలుపు కొడుతూ ఉండు. ఎప్పుడో ఒకరోజు తీస్తాడు."

మెయిరియన్ నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. మాటకు బదులు వెక్కిళ్ళు వచ్చాయి. పశ్చాత్తాపం అతని కళ్ళలోంచి, ముక్కులోంచి కారసాగింది.

ఎలినెడ్ లేచి అతని భుజం తట్టింది. "అంటే నీకూ తెలుసన్నమాట," అని, కోళ్ళను అతనికే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అతను మూడోసారి ఫోను పట్టాడు. ఈసారి తెలివితేటలు వద్దు, అందరి ముందూ ఒప్పుకోవడమే దారి అనుకున్నాడు: "ఇకమీద ఎవరూ ఎలినెడ్ ఇంటికి ఏమీ తీసుకెళ్ళొద్దు. బుధవారం మధ్యాహ్నం అందరూ బేతేలు హాలుకు రండి. ఎలినెడ్ విషయం అక్కడ తేల్చుకుందాం."

బుధవారం ఎలినెడ్ ఎప్పటిలాగే ఉల్లికాడల్లాంటి లీక్ కాడలు, బంగాళాదుంపలతో సూపు పెట్టింది. తన చివరి వంటల్లో ఇదొకటని అనుకుందేమో, చాలా శ్రద్ధగా పెట్టింది. మెయిరియన్ కిటికీలోంచి బయటికి చూశాడు. హాలు తలుపు దగ్గర మొదలైన వరుస చర్చి మలుపు తిరిగి కొండ కిందికి పోతోంది. ప్రతి చేతిలో ఏదో ఒక గిన్నె, పొట్లం, సంచి ఉన్నాయి. వెనకాల గాయక బృందంలోని మగాళ్ళందరూ గొంతులు సవరించుకుంటున్నారు.

ఇక ఆపుకోలేక పొయ్యి పక్కన నిలబడి మొత్తం చెప్పేశాడు. ఫొటో సంగతి, రాతల సంగతి, ఊరు అనుకుంటున్న సంగతి.

ఎలినెడ్ కదలకుండా విన్నది. "అంటే నేను చావట్లేదా?"

"లేదు."

"జబ్బు లేదా?"

"లేదు. గుర్రంలా ఉన్నావు."

ఆమె ముఖం ఒక్క క్షణం వెలిగింది. తర్వాత మెల్లగా ఎర్రబడింది. "నాకు తిండికి గతి లేదని, అడుగూబొడుగూ గీక్కుని బతుకుతున్నానని ఊరంతా అనుకుంటోందా? నేను? ఎలినెడ్‌ని?"

"...అవును."

"దానికంటే చావే నయంగా ఉండేది కదయ్యా." గరిటె చేతిలోకి తీసుకుంది. "తియ్యి తలుపు. నేను చెప్తాను వీళ్ళకి. ఒక్కొక్కళ్ళకీ చెప్తాను. తర్వాత నీ సంగతి చూస్తాను."

మెయిరియన్ తలుపు తీశాడు. ఎలినెడ్ గుమ్మంలో నిలబడి, బడిపిల్లలను అదరగొట్టడానికి తీసుకున్నట్టే గుండెనిండా ఊపిరి తీసుకుంది.

వరుసలో అందరికంటే ముందు ఇద్వాల్ గారు ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, చర్చికి వేసుకునే కోటు వేసుకున్నాడు, మెడలో టై కట్టుకున్నాడు. రెండు చేతులతో ఒక పీచ్ పళ్ళ డబ్బా పట్టుకుని ఉన్నాడు. దాని మీద కాగితం రంగు వెలిసిపోయింది. అలమరలో ఎన్నాళ్ళనుంచో ఏదో మంచిరోజు కోసం దాచుకున్న డబ్బా అని చూస్తేనే తెలుస్తోంది.

"తీసుకో అమ్మాయ్," అన్నాడు. "సిగ్గుపడకు. మనిషన్నాక ఒక్కోసారి ఇలాంటి రోజులొస్తాయి. నువ్వు నా తలుపు ఎన్నిసార్లు కొట్టావు. నాకు ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, అందుకే ఇన్నాళ్ళూ రాలేదు. ఇవాళ ఉంది."

ఎలినెడ్ పీల్చిన ఊపిరి అలాగే ఆగిపోయింది. ఆమె కళ్ళు పెద్దాయన భుజం మీదుగా వెనక్కి వెళ్ళడం మెయిరియన్ చూశాడు. అతనూ అటే చూశాడు. ఆయన వెనక గాజు ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయిన ప్యూ దంపతులు ఉన్నారు. హాలు పేరు ఎత్తితే ముఖం తిప్పుకునేవాళ్ళు, ఇవాళ ఒక బ్రెడ్డు కొని తెచ్చారు. వాళ్ళ వెనక పై వీధిలో కర్టెన్లు తీయని ఇళ్ళవాళ్ళు కనిపించారు. తినడానికి రమ్మంటే ఎన్నడూ రానివాళ్ళు, పెట్టడానికి అనేసరికి తలెత్తుకుని వచ్చారు. మాంసం కొట్టు గెథిన్ పక్కన వాళ్ళూ, వాళ్ళ పక్కన మార్గెడ్ నిలబడి ఉంటే, ఎవరికి ఉందో ఎవరికి లేదో దేవుడు కూడా చెప్పలేడు.

ఎలినెడ్ గరిటె పట్టుకున్న చెయ్యి మెల్లగా దించింది. ఆ చెయ్యి దించడం ఆమెకు ఎంత కష్టమైందో మెయిరియన్‌కు తెలుసు. బళ్ళో మంటలు లేచిన రోజున కూడా ఆవిడ ఆ గరిటె దించలేదు.

"థాంక్సండీ ఇద్వాల్ గారూ," అంది. గొంతు చిన్నగా చేసుకుంది, ఆ గొంతు ఆమెకు అసలు నప్పలేదు. "మీకు తెలియందేముంది. ఇంట్లో... కష్టంగానే ఉంది."

మెయిరియన్ నోరు తెరిచాడు. ఎలినెడ్ మడమ అతని కాలివేళ్ళ మీద పడింది. మూసుకున్నాడు.

"కానీ ఒక్కదాన్నే కూర్చుంటే ముద్ద దిగదండీ," అని ఆమె కొనసాగించింది. "ఒకరు ఎదురుగా కూర్చుని నాతోపాటు తింటే తప్ప. మీరేమో ఇప్పుడే భోంచేసి ఉంటారు..."

ఇద్వాల్ గారు ఆలోచించాడు. పెద్దరికం ఒకవైపు, పొయ్యి మీది సూపు వాసన ఒకవైపు లాగాయి. "నీకోసమైతే కూర్చుంటాలే," అన్నాడు. "నీకు తోడు కోసం."

ఆ రోజు పాంట్‌గ్విన్ ఎలినెడ్‌కు తోడు కోసం తిన్నది. పెద్దాయన ఆమెకు తోడుగా రెండు గిన్నెల సూపు, మార్గెడ్ కౌల్ ఒక గిన్నె, రొట్టె నాలుగు ముక్కలు తిని, మూడో గిన్నె సూపుకు ముందు కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. ప్యూ వాళ్ళ పిల్లలు ఆమెకు తోడుగా పీచ్ పళ్ళు తిన్నారు. బల్లలు చాలక చర్చి బెంచీలు మోసుకొచ్చారు. గిన్నెలు కడగడానికి రగ్బీ క్లబ్బువాళ్ళు తోసుకున్నారు. వచ్చే బుధవారం ఉల్లిపాయలు ఎవరు తరగాలన్న దాని మీద మార్గెడ్‌కూ గెథిన్‌కూ చిన్న మాటపట్టింపు వచ్చింది. చివరికి గాయక బృందం పాట అందుకుంది. ఎంగిలి చేతులతోనే హాలంతా గొంతు కలిపింది. గోడవారగా నిలబడిన చర్చి పెద్దలు భోజనాలు ఆపే మాట ఎత్తడానికి సందు దొరక్క, తాము కూడా ప్లేట్లు పట్టుకున్నారు.

మెయిరియన్ సింకు దగ్గర నిలబడి ఆ జనాన్ని చూశాడు. ఛాతీ దానంతట అదే వెడల్పయింది. పనీ పాటా లేని ఊరంటారు దీన్ని బయటివాళ్ళు. వచ్చి చూడమనాలి. ఈ ఊళ్ళో లేనివాడు కూడా ఉత్తచేతులతో రాడు.

అందరూ వెళ్ళాక అతను తడి చేతులు తుడుచుకుని ఫోను తీశాడు. "ఎలినెడ్, జరిగిన నిజమంతా రాసేస్తాను. నీ పరువు నీకు తెచ్చిపెడతాను."

"దాని జోలికి వెళ్ళావంటే చంపుతాను."

"మరి జనం నిన్ను..."

"అనుకోనీ." ఆమె కుర్చీలో కూలబడి చెప్పులు వదిలింది. "ఇద్వాల్ గారు వెళ్తూ ఏమన్నాడో తెలుసా? 'నిన్ను ఇలా ఒంటరిగా వదలడం బాగుండదమ్మాయ్, వచ్చే వారం కూడా వస్తాలే,' అన్నాడు. ఆయన రావాలంటే నేను లేనిదాన్నై ఉండాలి. అంతే. వారం వారం నా గురించే రాయి. ఇంకా బాగుపడలేదని రాయి. ఫొటో కావాలంటే నాదే తియ్యి, ఇంకెవరిదీ వద్దు."

"ఎన్నాళ్ళు?"

"ఈ ఊరికి మళ్ళీ పని దొరికేదాకా."

"మార్గెడ్ వారం వారం కౌల్ తెస్తానంటోంది. నీమీద జాలితో."

ఎలినెడ్ కళ్ళు మూసుకుంది. "ఉప్పు ఎక్కువేస్తుంది," అంది చివరికి. "తింటాను."

మెయిరియన్ ఆ వారం నుంచి వారం వారం రాశాడు. రాత మెరుగైంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా చదివి, తమ ఊళ్ళో ఎలినెడ్ లాంటివాళ్ళు ఎవరున్నారా అని వెతుక్కుని, హాళ్ళు తెరిచారు. బేతేలు హాలులో బుధవారం చాలక శనివారం కూడా వడ్డన మొదలైంది. ఎలినెడ్ మాట తప్పలేదు. చలికాలమంతా ఎవరేం తెచ్చినా తలవంచుకుని తీసుకుంది, ఎవరు పక్కన కూర్చున్నా వాళ్ళకు తోడుగా తిన్నది. వసంతం నాటికి బరువు తగ్గమని డాక్టరు చేత చీవాట్లు తిన్న నిరుపేద ఆ జిల్లాలో ఆమె ఒక్కతే.